చిన్నపిల్లలతో తాడోబా: ఓరుగల్లు కుటుంబానికి అడవి ప్రయాణం ఏర్పాట్లు

ఉత్తర తెలంగాణలో అడవికి కొదవ లేదు. జాతీయ ఉద్యానవనం మాత్రం ఒక్కటీ లేదు. రాష్ట్రంలో ఉన్న మూడూ, అంటే కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి, హైదరాబాద్‌లోనో దాని పొలిమేరలోనో ఉన్నాయి. మన వైపు ఉన్నవి అభయారణ్యాలు: ములుగు జిల్లాలో ఏటూరునాగారం, నర్సంపేట దగ్గర పాకాల, మంథని దగ్గర మొసళ్లకు పేరుపడ్డ శివారం, ఇంకా పైకి వెళితే కవ్వాల్. పిల్లలకు జాతీయ ఉద్యానవనమే చూపించాలంటే వరంగల్ వాళ్లకు అందుబాటులో ఉన్నది సరిహద్దు దాటగానే, చంద్రాపూర్ జిల్లాలో ఉన్న తాడోబా. 1955లో జాతీయ ఉద్యానవనమైన ఈ అడవి మహారాష్ట్రలో అలాంటి వాటన్నిటిలోకీ పాతది. కాగజ్‌నగర్ అడవుల్లో పులి కనిపించిందని పత్రికల్లో చదువుతుంటాం కదా, వాటిలో చాలా వరకు ఆ వైపు నుంచి నది దాటి వచ్చినవే.

పెద్దవాళ్లు మాత్రమే వెళ్లే సఫారీ పులి చుట్టూ తిరుగుతుంది. ఏడేళ్ల లోపు పిల్లలు వెంట ఉంటే అది వాళ్ల నిద్ర, ఆకలి, మూత్రం చుట్టూ తిరగాలి. తేదీ, గేటు, గది, బండి, సంచి ఏది ఎంచుకోవాలన్నా ముందు ఈ మూడింటినీ అడగండి.

ముందు అందరికంటే చిన్నవాళ్ల వయసు చూడండి

ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్ల, రెండేళ్ల పిల్లవాడు ఉంటే నిర్ణయం రెండేళ్లవాడిదే. మూడేళ్లు నిండని పిల్లలతో తాడోబా వద్దని నా అభిప్రాయం. పైకప్పు లేని జీపులో, గతుకుల మట్టిదారిలో, దాదాపు నాలుగు గంటలు కూర్చోవడం వాళ్లకు శిక్ష, ఎత్తుకున్న తల్లికి అంతకంటే పెద్ద శిక్ష. ఆ వయసుకు పాకాల చాలు. కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు, చుట్టూ అడవి, కట్ట మీద నీడ ఉంటాయి. వరంగల్ నుంచి సుమారు యాభై కిలోమీటర్లు, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒక రాత్రి అడవి అంచున ఉండాలనిపిస్తే లక్నవరం గానీ తాడ్వాయి గానీ చూడండి. దారిలో రామప్ప ఎలాగూ ఉంది.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు కవ్వాల్ సరిపోతుంది. 1965లో అభయారణ్యంగా మొదలై 2012లో పులుల అభయారణ్యమైంది. జన్నారంలో దిగితే బస, సఫారీ రెండూ అక్కడే దొరుకుతాయి, మాట్లాడేది తెలుగే. పులి మీద ఆశ పెట్టుకోకుండా దుప్పులు, మనుబోతులు, నెమళ్లు, టేకు అడవి, కడెం నీళ్లు చాలనుకుంటే హాయిగా గడుస్తుంది. ఐదు దాటాక తాడోబా. ఇక్కడి నుంచి ముఖ్యంగా దాని గురించే చెబుతాను, అయితే సంచి, జీపు, తిండి విషయాలు ఏ అడవికైనా పనికొస్తాయి.

ఇంటి దగ్గరే ఒకసారి పరీక్షించి చూడండి

హన్మకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జంతుప్రదర్శనశాలకు ఒక ఉదయం తీసుకెళ్లండి. జంతువులను చూపించడం ఎలాగూ ఉంటుంది, మీరు గమనించాల్సింది మాత్రం మీ పిల్లలను. ఎంతసేపటికి విసుగు మొదలవుతోంది? దూరంగా కదిలేదాన్ని వేలితో చూపిస్తే కళ్లు దాన్ని పట్టుకుంటున్నాయా? గట్టిగా అరవకుండా గుసగుసగా చెప్పడం వస్తోందా? బైనాక్యులర్స్ కొనే ఆలోచన ఉంటే ఇక్కడే అలవాటు చేయండి. అడవిలో మొదటిసారి చేతికిస్తే జంతువు వెళ్లిపోయేదాకా వాటి గొట్టాలను సరిచేసుకుంటూనే ఉంటారు. బోను దగ్గర పది నిమిషాలు కూడా నిలవని పిల్లవాడైతే ప్రయాణం ఒక ఏడాది వాయిదా వేయండి. అడవి ఎక్కడికీ పోదు.

తేదీ ఎప్పుడు?

తాడోబా ప్రధాన అడవి, అంటే కోర్, జులై నుంచి సెప్టెంబర్ చివరి దాకా వానల వల్ల మూసి ఉంటుంది. అక్టోబర్ 1న తెరుస్తారు. వారంలో మంగళవారం సెలవు. ఈ మంగళవారం సంగతి మరచిపోయి సోమవారం రాత్రికి చేరుకునేవాళ్లు ఎందరో.

బతుకమ్మ, దసరా సెలవులు పొడవుగా ఉంటాయి కాబట్టి అందరి చూపూ వాటి మీదే ఉంటుంది. అప్పుడు అడవి పచ్చగా కళకళలాడుతుంది, గడ్డి మాత్రం నిలువెత్తున ఉంటుంది. పక్కనే దుప్పి నిలబడినా పిల్లలకు కనిపించదు. పైగా రద్దీ. వేసవి సెలవుల్లో నీటి గుంటల దగ్గర జంతువులు తేలిగ్గా కనిపిస్తాయి, ఫొటోలు తీసేవాళ్లంతా ఏప్రిల్, మే నెలల కోసమే కాచుకుని ఉంటారు. అయితే చంద్రాపూర్ ఎండ మన రామగుండం ఎండకు ఏమీ తీసిపోదు, 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. ఆ ఎండలో కప్పు లేని బండిలో చిన్నపిల్లలను కూర్చోబెట్టవద్దు. సంక్రాంతి సెలవులు నయం, తెల్లవారుజాము చలికి మాత్రం సిద్ధపడాలి.

నన్ను అడిగితే ఫిబ్రవరి. చలి తగ్గుతుంది, గడ్డి ఎండి వంగుతుంది, మోదుగ పూలు మొదలవుతాయి. ఒకటో తరగతి పిల్లవాడు రెండు రోజులు బడి మానేస్తే కొంపలు మునగవు. శని, ఆదివారాలు తప్పించి వెళితే రద్దీ తక్కువ, సఫారీ ధర కూడా తక్కువే.

గేటు ముందు, గది తరువాత

ఎక్కువమంది తారుమారు చేసేది ఇక్కడే. బాగున్న రిసార్టు ఒకటి చూసి డబ్బు కట్టేస్తారు, ఆ తరువాత సఫారీ కోసం వెతికితే అనుమతి అడవికి అవతలి వైపు గేటుకు దొరుకుతుంది. తాడోబాకు చాలా గేట్లు ఉన్నాయి. దక్షిణాన మోహర్లీ చంద్రాపూర్‌కు దగ్గర, ముప్పై కిలోమీటర్ల లోపే. కోలారా, నవేగావ్ వంటివి ఉత్తరాన, నాగపూర్ నుంచి వచ్చేవాళ్లకు అనుకూలం. ఒక గేటు నుంచి మరో గేటుకు అడవి చుట్టూ తిరిగి వెళ్లాలి. తెల్లవారుజామున నాలుగింటికి పిల్లలను లేపి అంత దూరం తిప్పారంటే సఫారీ మొదలయ్యేసరికి అందరి ఓపికా అయిపోతుంది. మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు మోహర్లీయే సరి. ముందు ఆ గేటుకు అనుమతి ఖాయం చేసుకుని, తరువాతే గేటుకు పదిహేను నిమిషాల దూరంలో గది చూసుకోండి.

అనుమతి అటవీశాఖ అధికారిక వెబ్‌సైటులోనే తీసుకోండి. సెలవు రోజులైతే వారాల ముందే నిండిపోతాయి. పేర్లు ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే రాయండి. ఇంట్లో చిన్నీ, బడిలో సహస్ర అయిన పిల్ల పేరు గుర్తింపు కార్డులో ఏముందో ముందే చూడాలి. గేటు దగ్గర అసలు కార్డులు అడుగుతారు, అందుకని వాటిని సూట్‌కేసు అడుగున పెట్టకుండా ఒక చిన్న సంచిలో వేసి ఒకరే బాధ్యతగా ఉంచుకోండి. పిల్లల వయసుకు సంబంధించిన నిబంధనలు, రుసుములు మారుతుంటాయి, డబ్బు కట్టే ముందు ఆ పేజీ ఓపిగ్గా చదవండి.

జీపులో డ్రైవరు, గైడు కాక ఆరుగురు కూర్చుంటారు. నలుగురే ఉన్నా బండి మొత్తం మీరే తీసుకోండి. పిల్లవాడు ఏడుపు లంకించుకున్నప్పుడు పక్క కుటుంబం చూసే చూపుల కంటే ఆ రెండు సీట్ల డబ్బు చాలా చవక. అమ్మమ్మ, తాతయ్యలు వస్తామంటే ఆరు సీట్లూ నిండుతాయి, ఇంకా మంచిది. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లను మాత్రం బఫర్ సఫారీ ఒక్కదానికే పరిమితం చేయండి. బఫర్ అంటే కోర్ చుట్టూ ఉండే అడవి.

ఎన్ని సఫారీలు? మూడు రాత్రులు ఉంటే రెండు చాలు. వచ్చినరోజు ఏదీ వద్దు. రెండో రోజు మధ్యాహ్నం బఫర్‌లో ఒకటి పెట్టుకోండి. అగర్‌ఝరీ, జునోనా వంటి గేట్లు మోహర్లీ వైపే ఉన్నాయి. పిల్లలు ఎలా తట్టుకుంటున్నారో దానితో తేలిపోతుంది. మూడో రోజు ఉదయం కోర్. ఈ మధ్యలో మిగిలే సమయాన్ని కూడా ఏదో ఒకదానితో నింపాలన్న ఆత్రం వద్దు. రిసార్టు ఆవరణలో చీమలపుట్ట దగ్గర పిల్లలు గంట గడిపేస్తారు.

రైలా, కారా?

పిల్లలకు రైలే సుఖం. కాజీపేట నుంచి రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్, బల్లార్షా మీదుగా చంద్రాపూర్ దాకా ఒకే దారి, ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు చాలా వరకు ఇటే పోతాయి. ఉదయం హైదరాబాద్‌లో బయలుదేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ వంటి పగటి బండి ఎక్కితే కిటికీలోంచి గోదావరి వంతెన, సింగరేణి బొగ్గు, సిర్పూర్ అడవి చూసుకుంటూ వెళ్లవచ్చు. మీ బండి చంద్రాపూర్‌లో ఆగకపోతే బల్లార్షాలో దిగండి, రెండు ఊళ్లూ పక్కపక్కనే. స్టేషన్ నుంచి రిసార్టుకు కారు ముందే చెప్పి ఉంచుకోవాలి, వాళ్లే పంపిస్తారు.

సొంత కారైతే మంచిర్యాల, ఆసిఫాబాద్, వాంకిడి, రాజురా మీదుగా చంద్రాపూర్. కార్లో వాంతి చేసుకునే పిల్లలుంటే బయలుదేరే ముందు ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. ఒక ఇడ్లీ తినిపించి ఎక్కించండి. చీకటి పడ్డాక అడవి దారిలో బండి నడపవద్దు. సాయంత్రం నాలుగింటికల్లా గదిలో ఉండేలా లెక్క వేసుకోండి.

సంచిలో ఏముండాలి

చలికాలంలో సఫారీ బండి ఉదయం ఆరు గంటల ప్రాంతంలో కదులుతుంది. ఎదురుగాలి మన ఊహకు అందనంత చల్లగా ఉంటుంది. తొమ్మిదికల్లా ఎండ చురుక్కుమంటుంది. అందుకని ఒక మందపాటి స్వెట్టరు కంటే పొరలు పొరలుగా తొడగడం మేలు: లోపల నూలు చొక్కా, దాని మీద పొడుగు చేతుల టీషర్టు, ఆపైన స్వెట్టరు, మంకీ క్యాప్, సాక్సులు, కాళ్ల మీదకు ఒక పాత దుప్పటి. ఒక్కొక్కటే తీసేస్తూ పోవచ్చు. రంగులు మట్టి, ఆకు వన్నెల్లో ఉంటే మంచిది. పుట్టినరోజుకు కొన్న ఎర్రటి జాకెట్టు కోసం మారాం చేస్తే సాయంత్రం రిసార్టులో తొడగండి. దుమ్ముకు ముక్కు కట్టుకోవడానికి ఒక్కొక్కరికి ఒక నూలు తువ్వాలు ఉండాలి.

తిండి గురించి వరంగల్ ఇళ్లకు ఒకరు చెప్పాల్సింది తక్కువే. సకినాలు, సర్వపిండి ముక్కలు రెండు రోజులు నిలుస్తాయి. తెల్లవారుజామున నిద్రమత్తులో ఏదీ తినని పిల్లలకు గ్లాసు పాలు, ఒక అరటిపండు పట్టించి, అసలు టిఫిను బండి ఆగే చోట పెట్టవచ్చు. అక్కడి పోహా చాలామంది పిల్లలకు నచ్చుతుంది, కూరల మసాలా నచ్చకపోవచ్చు. ముందు రోజే వంటవాళ్లతో కారం లేని పప్పు, అన్నం, పెరుగు అని చెప్పి ఉంచితే చేసిపెడతారు. నడుస్తున్న బండిలో మాత్రం ఏమీ విప్పవద్దు. ఒక బిస్కెట్ ముక్క కింద పడినా అది కోతికి చెడ్డ అలవాటే. నీళ్లు స్టీలు సీసాలో పట్టుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లు, పొట్లాలు గదిలోనే వదిలేయండి.

ఇక మూత్రం సంగతి. ఇది సిగ్గుపడే విషయం కాదు, సఫారీ మొత్తం దీని మీదే నిలబడుతుంది. అడవిలో ఎక్కడపడితే అక్కడ దిగడం నిషేధం, అనుమతించిన చోట్ల మాత్రమే దిగాలి. గదిలో ఒకసారి, గేటు దగ్గర బండి కదిలే ముందు మరోసారి తప్పనిసరిగా తీసుకెళ్లండి, వద్దన్నా సరే. నీళ్లు మాన్పించవద్దు, గుక్కెడు గుక్కెడుగా ఇవ్వండి. డైపర్ మానేసి ఆరు నెలలే అయిన పిల్లవాడికి ఆ ఒక్క ఉదయానికి మళ్లీ తొడిగితే తప్పేమీ లేదు.

మందుల్లో మీ డాక్టరు పిల్లల బరువును బట్టి చెప్పిన జ్వరం మందు, ఓఆర్ఎస్ పొట్లాలు, వాంతుల మందు, దోమల క్రీము ఉంచుకోండి. ఆయాసం ఉన్న పిల్లలకు ఇన్‌హేలర్ చేతిసంచిలోనే ఉండాలి, దుమ్ము చాలా రేగుతుంది. గదిలో బూట్లు తొడిగే ముందు బోర్లించి దులపడం అలవాటు చేయండి. రాత్రి పూట టార్చి లేకుండా గుమ్మం దాటవద్దు.

ఫోను లేని నాలుగు గంటలు

తాడోబా కోర్‌లోకి మొబైల్ ఫోను తీసుకెళ్లనివ్వరు. కెమెరా ఫరవాలేదు. ఫొటోల సంగతి పక్కన పెట్టండి, అసలు చిక్కు వేరే ఉంది: ముద్ద ముద్దకూ పాట పెట్టనిదే నోరు తెరవని పిల్లలు మన ఇళ్లలో ఎందరు? వాళ్లకు ఇది కఠిన పరీక్ష. ప్రయాణానికి నెల ముందు నుంచే రోజుకు ఒక పూట ఫోను లేకుండా అన్నం పెట్టడం మొదలుపెట్టండి. బండిలో చేతికి పని ఉండాలి కాబట్టి ఒక చిన్న నోటు పుస్తకం, దానికి దారం కట్టిన పెన్సిల్ ఇవ్వండి. కనిపించిన ప్రతిదానికీ ఒక గీత పెట్టమనండి: నెమలికి, కొండముచ్చుకు, చెదలపుట్టకు. అక్షరాలు రాని పిల్లలకూ ఈ ఆట వస్తుంది.

బండిలో

వెనక వరుసలో కుదుపులు ఎక్కువ. పిల్లలను మధ్య వరుసలో పెద్దవాళ్ల మధ్య కూర్చోబెట్టండి. బండి కదలకముందే గైడుతో ఒక మాట చెప్పండి: పిల్లలు ఉన్నారు, పులి కోసం పరుగెత్తించవద్దు, నిదానంగా పోనివ్వండి. గైడ్లు చుట్టుపక్కల పల్లెల వాళ్లే. మరాఠీ, హిందీ మాట్లాడతారు. చంద్రాపూర్ జిల్లాలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి అదృష్టం బాగుంటే తెలుగు తెలిసినవారే దొరకవచ్చు. ఎక్కడో పులి కనిపించిందని తెలియగానే బండ్లన్నీ ఒక చోటికి ఉరుకుతాయి, దుమ్ము, హడావిడి. అందులోకి వెళ్లకపోతే పోయేదేమీ లేదని ముందే అనుకుని ఉండండి.

బండిలో నిలబడకూడదు, చేతులు బయట పెట్టకూడదు, అరవకూడదు. ఈ మూడు నియమాలనూ ఇంట్లోనే ఆటలా నేర్పించవచ్చు. సోఫా మీద కూర్చోబెట్టి, "అదిగో ఎలుగుబంటి" అనగానే గుసగుసగా మాట్లాడమనండి. అయినా ఏడుపు వస్తే వస్తుంది. జంతువులకు కాస్త దూరంగా తీసుకెళ్లి ఆపమని డ్రైవరుకు చెప్పండి, ఎత్తుకుని సముదాయించండి, బండి దిగవద్దు. నిద్రపోతే నిద్రపోనివ్వండి. డబ్బు కట్టాం కదా అని లేపకండి.

పిల్లలకు ఏం చెప్పి తీసుకెళ్లాలి

"పులిని చూపిస్తాం" అని మాత్రం చెప్పవద్దు. తాడోబాలో పులి కనిపించే అవకాశం మంచిదే, అయినా అది ఎవరి చేతిలోనూ లేదు. మాట ఇచ్చి చూపించలేకపోతే ప్రయాణం మొత్తం ఆ పిల్లల లెక్కలో మోసమే. కనిపించడం దాదాపు ఖాయమైన వాటి గురించి చెప్పండి: చుక్కల దుప్పులు, కొండముచ్చులు, నెమళ్లు, అడవిపందులు. తాడోబా చెరువులో మొసళ్లు ఉన్నాయి, ఎండ కాసే వేళ ఒడ్డున పడుకుని ఉంటాయి. అడవిదున్న కనిపించిందంటే దాని పరిమాణానికే పిల్లలు నోరు తెరుస్తారు.

ఆ తరువాత ఆనవాళ్లు చెప్పండి. పిల్లలకు పులి కంటే పులి జాడ వెతకడమే పెద్ద ఆటని నా అనుభవం. మెత్తటి దుమ్ములో పాదం గుర్తు ఉందా? అందులో గోళ్ల గుర్తులు లేవా? పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, కుక్కజాతికి అది చేతకాదు. చెదలపుట్ట తవ్వి ఉందా? అది ఎలుగుబంటి పని కావచ్చు. చెట్టు మీద కొండముచ్చు ఉన్నట్టుండి దగ్గినట్టు అరిచిందా, దుప్పి తోక పైకెత్తి ఒకే వైపు చూస్తూ కూత పెట్టిందా? దగ్గరలో పులో, చిరుతో ఉందని అవి మిగిలిన జంతువులకు కబురు చెబుతున్నట్టు. ఆ కూత విన్నాక ఆరేళ్ల పిల్లలు తమంతట తామే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు, మీరు "ష్" అనాల్సిన పని ఉండదు. మొసలి తోలులా పగిలిన బెరడున్న నల్లమద్దిని, పాలిపోయి తెల్లగా నిలబడ్డ తపసి చెట్టును చూపించండి. చెట్లు పారిపోవు కదా, జంతువులు కనిపించని అరగంటలో అవే దిక్కు.

రాత్రి పడుకోబెట్టేటప్పుడు ఆ అడవి పేరు వెనక కథ చెప్పండి. తారు అనే గోండు గ్రామపెద్ద పులితో పోరాడి చనిపోయాడని, ఆయనే ఆ అడవికి దేవుడయ్యాడని అక్కడి ఆదివాసులు చెబుతారు. చెరువు గట్టున ఆయన గుడి ఉంది. పుష్యమాసంలో అక్కడ జాతర జరుగుతుంది, కేస్లాపూర్ నాగోబా జాతర కూడా ఆ మాసంలోనే. మేడారం వెళ్లివచ్చిన పిల్లలకు అడవిలో దేవుళ్లు ఉండటం కొత్తగా అనిపించదు, ప్రశ్నలు మాత్రం చాలా అడుగుతారు.

తిరుగు ప్రయాణం, ఆ తరువాత

చివరి రోజు ఉదయం మరో సఫారీ దొరుకుతోందని ఆశపడకండి. పిల్లలను లేచేదాకా పడుకోనివ్వండి. రైలుకు సమయం మిగిలితే చంద్రాపూర్‌లో గోండు రాజులు కట్టిన కోట గోడలను, పెద్ద ద్వారాలను చూపించవచ్చు. ఎండగా ఉంటే అదీ వద్దు.

ఇంటికి వచ్చిన రోజే అందరికీ తలస్నానం చేయించి, చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల మడతల్లో పురుగులేమైనా అంటుకున్నాయేమో వెతకండి. సఫారీ బట్టలు వేరుగా ఉతకండి, ఆ ఎర్రదుమ్ము మిగిలిన వాటికి పడుతుంది. తరువాతి మూడు నాలుగు వారాల్లో పిల్లలకు చలితో జ్వరం వస్తే మామూలు జలుబు అనుకుని ఊరుకోకుండా, అడవికి వెళ్లివచ్చామని డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష చేయించండి. తాడ్వాయి, ఏటూరునాగారం వెళ్లివచ్చినా ఇదే జాగ్రత్త.